న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్కెట్ పెరిగినా పడినా టీవీలో కనిపించేది ఒకటే బొమ్మ: ఆరు పెద్ద స్తంభాలు, వాటి మీద త్రికోణం, అందులో విగ్రహాలు. అందరూ చూసిన బిల్డింగే, కానీ దాని గురించి వచ్చే ప్రశ్నలకు సరైన జవాబులు తెలుగులో ఒక్కచోట దొరకడం లేదు. అందుకే ఈ పేజీ. షేర్ల గురించి ఇక్కడేమీ ఉండదు, బిల్డింగ్ గురించి మాత్రమే.

ఆ స్తంభాల బిల్డింగ్ ఎక్కడ ఉంది? ఎప్పుడు కట్టారు?

న్యూయార్క్ నగరంలో మన్‌హట్టన్ దక్షిణపు కొసన, బ్రాడ్ స్ట్రీట్ మీద 18వ నంబర్. అందరూ వాల్ స్ట్రీట్ అంటారు గానీ స్తంభాలున్న ముఖం మాత్రం బ్రాడ్ స్ట్రీట్ వైపే ఉంది, కాబట్టి వాల్ స్ట్రీట్‌లో నిలబడి వెతికితే కనిపించదు, మూల తిరగాలి. 1903 ఏప్రిల్ 22న తెరిచారు. అంతకు ముందు అదే చోట ఎక్స్ఛేంజ్‌కి 1865 నాటి పాత భవనం ఉండేది, దాన్ని పెంచుకుంటూ వచ్చినా జనం, వ్యాపారం అంతకంటే వేగంగా పెరిగిపోయాయి, చివరికి కూల్చి కొత్తది కట్టక తప్పలేదు.

డిజైన్ చేసింది ఎవరు?

జార్జ్ బి. పోస్ట్. 1837లో పుట్టాడు, ఈ భవనం తెరిచేనాటికి 65 ఏళ్లు. అతను మొదట చదివింది సివిల్ ఇంజనీరింగ్, ఆ తర్వాతే రిచర్డ్ మోరిస్ హంట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర ఆర్కిటెక్చర్ నేర్చుకున్నాడు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే భవనం సగం అర్థమైపోతుందని నా అభిప్రాయం. బయట రాతి పనిలో హంట్ శిష్యుడు కనిపిస్తాడు, లోపల ఉక్కులో, గాలిలో, వెలుతురులో ఇంజనీర్ కనిపిస్తాడు.

అప్పటికే అతనికి గట్టి పేరుంది. 1890లో అతను కట్టిన వరల్డ్ బిల్డింగ్, వాల్ స్ట్రీట్ మొదట్లో ఉండే ట్రినిటీ చర్చి గోపురాన్ని ఎత్తులో దాటేసింది. బౌలింగ్ గ్రీన్ అనే చిన్న పార్కు దగ్గర, ధాన్యం లాంటి సరుకుల వ్యాపారం జరిగే ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్ కూడా అతనిదే, కొత్త భవనం పూర్తయ్యేదాకా స్టాక్ బ్రోకర్లు రెండేళ్లు అక్కడే వ్యాపారం చేసుకున్నారు. ఆ రెండూ ఇప్పుడు లేవు. వరల్డ్ బిల్డింగ్‌ని 1955లో, ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్‌ని 1957లో పడగొట్టారు. లోయర్ మన్‌హట్టన్‌లో పోస్ట్ కట్టిన ఆ పెద్ద వ్యాపార భవనాల్లో మనం ఇవాళ వెళ్లి చూడగలిగేది ఇదే, అందుకే దీని గురించి ఇంత శ్రద్ధగా రాస్తున్నాను.

షేర్లు కొని అమ్ముకునే చోటుకి గుడి లాంటి ముఖం ఎందుకు పెట్టారు?

ఎక్కువ మంది అడిగేది ఇదే, జవాబు కూడా ఒక్కటి కాదు.

మొదటిది ఆ కాలపు అభిరుచి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో తెల్లటి క్లాసికల్ భవనాలు వరసగా కట్టారు, పోస్ట్ కూడా అక్కడ ఒక భారీ భవనం డిజైన్ చేశాడు. ఆ తర్వాత అమెరికాలో లైబ్రరీ కట్టినా, కోర్టు కట్టినా, రైల్వే స్టేషన్ కట్టినా, బ్యాంకు కట్టినా గ్రీకు, రోమన్ పద్ధతి వైపే మొగ్గేవారు.

రెండోది నమ్మకం. స్టాక్ ఎక్స్ఛేంజ్ అమ్మేది చేత్తో పట్టుకునే సరుకు కాదు, కాగితం మీది హక్కు. 1792 మే 17న 24 మంది బ్రోకర్లు తమలో తాము నియమాలు పెట్టుకుని సంతకాలు చేసిన ఒప్పందంతో మొదలైన సంస్థ ఇది, అంటే పునాదే మాట మీద ఉంది. ఇలాంటి చోటు "మేము రేపు కూడా ఉంటాం" అని జనానికి చెప్పుకోవాలి. రెండు వేల ఏళ్ల పైబడిన రూపం ఆ మాట చెప్పినంత బలంగా ఇంకేదీ చెప్పదు.

మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. బ్రోకర్లకు కావలసింది ఒకే ఒక పెద్ద హాలు. చిన్నచిన్న గదులుంటే బయట చిన్నచిన్న కిటికీలు వరసగా రావాలి, ఒకే పెద్ద హాలు ఉన్నప్పుడు బయట కూడా ఒకే పెద్ద ఆకారం పెట్టొచ్చు. పెద్ద పెద్ద స్తంభాలు, వాటి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు ఉండే క్లాసికల్ ముఖం ఆ హాలుకి అతికినట్టు సరిపోయింది. లోపల ఒకటి ఉంటే బయట ఇంకొకటి చూపించే మోసం ఇక్కడ లేదు. స్తంభాలు ఎంత మేర ఉన్నాయో దాదాపు అంత మేరా వెనక హాలే.

ఏ భాగాన్ని ఏమంటారు? కింద నుంచి పైకి చెప్పండి.

అడుగున గ్రానైట్ పీఠం, దాన్ని పోడియం అంటారు, వీధి నుంచి నేరుగా లోపలికి వెళ్లే తలుపులు అందులోనే ఉన్నాయి. గ్రీకు గుడికి ఉన్నట్టు పొడవాటి మెట్ల వరస ఎక్కి స్తంభాల మధ్య నుంచి లోపలికి వెళ్లే దారి ఇక్కడ లేదు, గమనించండి. రోజూ వందల మంది హడావిడిగా వచ్చిపోయే చోటికి అది పనికిరాదు.

పోడియం మీద ఆరు స్తంభాలు, తెల్లటి జార్జియా పాలరాయి, ఒక్కోటి 52 అడుగుల పైచిలుకు ఎత్తు. నిలువునా గాడులు చెక్కి ఉంటాయి, వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఆ గాడుల్లో నీడ నిలిచి స్తంభం ఇంకా సన్నగా, ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. తల మీద ఆకుల గుత్తులుంటే అది కొరింథియన్ పద్ధతి, ఆ ఆకులు అకాంథస్ అనే మొక్కవి. గ్రీకు పద్ధతులు మూడిట్లో ఎక్కువ అలంకారం ఉన్నది ఇదే. మిగతా రెండిట్లో డోరిక్ అంటే ఏ ఆర్భాటం లేని తల, అయోనిక్ అంటే రెండు పక్కలా చుట్టలు తిరిగిన తల.

స్తంభాల తలల మీదుగా అడ్డంగా సాగే రాతి పట్టీని ఎంటాబ్లేచర్ అంటారు, ఎక్స్ఛేంజ్ పేరు చెక్కింది దాని మీదే. దాని పైన ఉన్న త్రికోణం పెడిమెంట్. అంతే, ఈ నాలుగు పేర్లు తెలిస్తే ప్రపంచంలో ఏ ఊళ్లో ఏ క్లాసికల్ భవనం ముందు నిలబడినా మీకు దారి దొరుకుతుంది.

ఆ స్తంభాలు నిజంగా బరువు మోస్తున్నాయా, షోకేనా?

భవనం అస్థిపంజరం ఉక్కుది. హాలు పైకప్పు బరువు, దాని పైన ఉన్న ఆఫీసు గదుల బరువు హాలు మీదుగా అటూ ఇటూ వేసిన భారీ ఉక్కు ట్రస్సుల (ఉక్కు కడ్డీలను త్రికోణాలుగా కలిపి చేసిన దూలాల) మీద పడుతుంది. ముందున్న స్తంభాలను తీసేసినా లోపలి హాలు నిలబడే రకం నిర్మాణం ఇది. అలాగని వాటిని ఉత్తుత్తివి అనను. స్తంభాల వరస ముందుకు ఉండి, గాజు వెనక్కి ఉండటం వల్ల ముఖానికి లోతు వచ్చింది. ఆ లోతు లేకపోతే అక్కడ మిగిలేది ఒక చదునైన గాజు గోడ, చుట్టూ ఆకాశాన్నంటే బిల్డింగుల మధ్య అది ఎవరి కంటికీ ఆనదు.

స్తంభాల వెనక అంత పెద్ద గాజు ఎందుకు?

వెలుతురు కోసం. బ్రాడ్ స్ట్రీట్ వైపు గాజు గోడ 96 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తు. వెనకవైపు న్యూ స్ట్రీట్ మీదా అంతే కొలతల్లో ఇంకొకటి ఉంది. పైన 30 అడుగుల చదరంలో స్కైలైట్, అంటే పైకప్పులో గాజు కిటికీ. కరెంటు దీపాలు అప్పటికే వచ్చినా, వందల మంది కాగితాలు చదువుతూ, ఎదుటివాడి చేతి సైగ చూస్తూ, ఒకరి ముఖం ఒకరు గుర్తుపడుతూ పని చేయాలంటే పగటి వెలుతురుని మించింది లేదు. తూర్పు నుంచి పొద్దున, పడమర నుంచి మధ్యాహ్నం దాటాక, పై నుంచి నడినెత్తిన, ఇలా ఏ వేళకైనా ఏదో ఒక వైపు నుంచి వెలుగు దొరికేలా పోస్ట్ చూసుకున్నాడు.

ఈ గాజు గోడని ఇప్పటి టవర్లకి ఉండే గాజుతో పోల్చి చూడాలని నాకు అనిపిస్తుంది. 1903లో, అదీ గ్రీకు స్తంభాల వెనక, ఇంత మేర గాజు నిలబెట్టడం మామూలు ధైర్యం కాదు. ఫోటోల్లో ఎప్పుడూ స్తంభాలే మాట్లాడతాయి, వాటి వెనక ఏముందో అడిగేవాళ్లు తక్కువ.

లోపల హాలు ఎలా ఉంటుంది?

ఒక వైపు 140 అడుగులు, ఇంకో వైపు 109 అడుగులు, ఎత్తు 72 అడుగులు. గోడలకి పాలరాయి, పైకప్పుకి బంగారు పూత పూసిన అలంకారం. సంఖ్యలు వింటే ఏదో పెద్ద గది అనిపిస్తుంది గానీ, 72 అడుగులంటే మామూలు ఇళ్ల లెక్కలో ఏడంతస్తుల ఎత్తు ఖాళీగా వదిలేయడం, అదీ నేల ధర ఆకాశాన్నంటిన చోట. బ్రోకర్లు గుమిగూడి అరిచే చోట గాలి ఆడాలి, శబ్దం పైకి పోవాలి, అందుకని ఆ ఎత్తు.

స్థలం కూడా తిన్నగా లేదు. చుట్టుపక్కల వీధులు పాతకాలపు వంకర వీధులు, నేల ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వాలుగా ఉంటుంది. అలాంటి చోట నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న హాలుని ఇమిడ్చి, మిగిలిన వంకర ముక్కల్లో లిఫ్టులు, మెట్లు, చిన్న గదులు సర్దారు. హాల్లో నిలబడ్డవాళ్లకి స్థలం వంకర అన్న సంగతే తెలియదు.

1903లోనే ఏసీ ఉండేదట, నిజమేనా?

నిజమే. నన్నడిగితే ఈ భవనంలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే, అయినా టూరిస్టు పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు.

ఆల్ఫ్రెడ్ వోల్ఫ్ అనే ఇంజనీర్ దీన్ని రూపొందించాడు. భవనానికి కావలసిన కరెంటు అక్కడే ఆవిరి ఇంజన్లతో తయారు చేసుకునేవారు. ఇంజన్లు నడిచాక బయటికి వచ్చే ఆవిరిలో ఇంకా బోలెడు వేడి మిగిలి ఉంటుంది, మామూలుగా అది వృథా. వోల్ఫ్ ఆ వేడిని పట్టుకెళ్లి అమ్మోనియా యంత్రాలకి ఇచ్చాడు. నీళ్లలో కలిసి ఉన్న అమ్మోనియాని వేడి చేస్తే అది వాయువై విడిపోతుంది, దాన్ని చల్లార్చి ద్రవంగా మారుస్తారు, ఆ ద్రవం మళ్లీ ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది, తర్వాత తిరిగి నీళ్లలో కలిసిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. ఇలా పుట్టిన చల్లదనంతో గాలిని చల్లబరిచి, అందులోని తేమ తగ్గించి హాల్లోకి పంపేవారు. మొత్తం శక్తి దాదాపు 300 టన్నులు. మన ఇళ్లలో ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టుకుంటాం, అదే కొలత.

ఆధునిక ఏసీకి ఆద్యుడిగా పేరున్న విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ప్రింటింగ్ ప్రెస్ కోసం తన మొదటి డిజైన్ చేసింది 1902లో. అది కాగితం పాడవకుండా తేమని అదుపులో పెట్టడానికి. ఇక్కడ చల్లబరిచింది మనుషుల సౌకర్యం కోసం. వాడేసిన ఆవిరితోనే చల్లదనం పుట్టించే ఈ ఉపాయాన్ని ఇప్పటికీ పెద్ద ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో వాడతారు.

అప్పట్లో ఫోన్లు, కంప్యూటర్లు లేకుండా అంత హాల్లో ఒకరినొకరు ఎలా పిలుచుకునేవారు?

ఫోన్లు ఉండేవి, హాలు అంచున. హాల్లో ఎక్కడో గుంపులో ఉన్న బ్రోకర్‌ని పిలవాలంటే గోడ మీద పెద్ద బోర్డులుండేవి, ఒక్కో సభ్యుడికి ఒక నంబర్, అతని గుమాస్తా మీట నొక్కితే ఆ నంబర్ పలక మారేది, బ్రోకర్ తల ఎత్తి చూసి ఫోన్ దగ్గరికి పరిగెత్తేవాడు. చీటీలు గాలి ఒత్తిడితో నడిచే గొట్టాల్లో వెళ్లేవి. ఆ గొట్టాలు, తీగలు పాలరాతి గోడల వెనకే దాచారు. వ్యాపారం మొదలు, ముగింపు చెప్పే ఇత్తడి గంట కూడా ఈ భవనంతోనే వచ్చింది, అంతకు ముందు గాంగ్ కొట్టేవారు.

పైన త్రికోణంలో ఉన్న విగ్రహాలు ఎవరివి?

దేవతలవి కావు. ఆ శిల్పం పేరుకి అర్థం 'మానవుడి శ్రమ ఫలాలను కాపాడే నిజాయితీ'. మధ్యలో చేతులు చాచి నిలబడిన స్త్రీ నిజాయితీకి ప్రతిరూపం. ఆమెకి ఒక పక్క వ్యవసాయం, గనులు, ఇంకో పక్క సైన్స్, పరిశ్రమ, కొత్త ఆవిష్కరణలు, వీటన్నిటినీ మనుషుల రూపంలో చూపించారు. మొత్తం 11 బొమ్మలు. త్రికోణం అంచులకి వెళ్లేకొద్దీ ఎత్తు తగ్గుతుంది కదా, అందుకే మధ్యలో వాళ్లు నిలబడితే పక్కవాళ్లు వంగుతారు, కూర్చుంటారు. ఈ చిక్కు గ్రీకుల కాలం నుంచీ ఉన్నదే, ఇక్కడ మాత్రం వంగడాన్ని పనిచేసే భంగిమగా మార్చారు, అది చాలా చక్కగా కుదిరింది.

శిల్పి జాన్ క్విన్సీ ఆడమ్స్ వార్డ్, అతనితో కలిసి పనిచేసింది పాల్ వేలాండ్ బార్ట్‌లెట్. రాయి చెక్కింది పిచిరిల్లి సోదరులు, ఇటలీ నుంచి వచ్చిన శిల్పుల కుటుంబం. వాల్ స్ట్రీట్ మూలలో ఉన్న పాత కస్టమ్స్ హౌస్, ఫెడరల్ హాల్ ముందు నిలబడి ఉన్న జార్జ్ వాషింగ్టన్ విగ్రహం కూడా వార్డ్ చేసిందే.

ఇప్పుడున్న బొమ్మలు అసలైనవి కావంటారే?

కావు. 1904లో పెట్టినవి పాలరాతివి. నగరపు పొగకీ వానకీ మంచుకీ పాలరాయి తినుకుపోయి ముక్కలు రాలే స్థితికి వచ్చింది, కింద జనం నడిచే వీధి. అందుకని 1936లో వాటిని తీసేసి సీసం పూత పూసిన రాగి రేకుతో చేసిన నకళ్లు పెట్టారు, కింద నుంచి చూస్తే రాయిలాగే ఉంటాయి. దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు, నేను పట్టను. రూపం నిలిచింది, బరువు తగ్గింది, వీధి క్షేమంగా ఉంది. పాలరాయిని అంత ఎత్తులో, అంత పొగలో పెట్టడమే మొదట చేసిన పొరపాటు.

పక్కనే అతుక్కుని ఉన్న ఎత్తైన బిల్డింగ్ కూడా దీనిదేనా?

అవును, 11 వాల్ స్ట్రీట్. 1922లో ట్రోబ్రిడ్జ్ అండ్ లివింగ్‌స్టన్ సంస్థ డిజైన్ చేసిన అదనపు భవనం. అదే పాలరాయి వాడారు, పోటీ పడలేదు.

ఎదురుగా మెట్లు, స్తంభాలు ఉన్న బిల్డింగే స్టాక్ ఎక్స్ఛేంజ్ అనుకున్నాను?

చాలా మంది అలాగే అనుకుని దాని ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. అది ఫెడరల్ హాల్, 1842లో కస్టమ్స్ హౌస్‌గా కట్టింది. స్తంభాల తలలు చూడండి, అక్కడ డోరిక్, ఇక్కడ కొరింథియన్. అక్కడ ఎనిమిది, ఇక్కడ ఆరు. మెట్లు అక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు. అరవై ఏళ్ల తేడాతో ఒకే గ్రీకు గుడి నమూనాని ఇద్దరు ఎంత వేరుగా వాడుకున్నారో చూడాలంటే ఆ కూడలిని మించిన చోటు లేదు. ఇంకో మూలన ఉన్న 23 వాల్ స్ట్రీట్, మోర్గాన్ బ్యాంకు పాత భవనం, దానికి అసలు స్తంభాలే లేవు. 1920 సెప్టెంబర్ 16న జరిగిన బాంబు పేలుడు గుంటలు దాని గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఎద్దు విగ్రహం దీని ముందే ఉంటుందా?

ఉండదు. శిల్పి ఆర్టురో డి మోడికా 1989 డిసెంబర్‌లో రాత్రికి రాత్రి తెచ్చి పెట్టింది ఎక్స్ఛేంజ్ ముందే, కానీ వెంటనే తీసేశారు, ఇప్పుడు బౌలింగ్ గ్రీన్ దగ్గర ఉంది. 'ఫియర్‌లెస్ గర్ల్' అనే అమ్మాయి విగ్రహం మాత్రం 2018 డిసెంబర్ నుంచి ఎక్స్ఛేంజ్‌కి ఎదురుగానే నిలబడి ఉంది.

లోపలికి వెళ్లి చూడొచ్చా?

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సందర్శకుల గ్యాలరీ మూసేశారు, మామూలు జనానికి లోపలికి ప్రవేశం లేదు. భద్రత అవసరమే, కాదనను, కానీ బాధగా ఉంటుంది. 1929 అక్టోబర్ 24న మార్కెట్ కుప్పకూలిన రోజు కూడా గ్యాలరీ మూశారు, ఆ తర్వాత మళ్లీ తెరిచారు. అంత హాలు కట్టిందే పైనుంచి చూసేవాళ్లు కూడా ఉంటారనే లెక్కతో.

ట్రేడింగ్ అంతా కంప్యూటర్లలోనే కదా, ఇంకా ఈ బిల్డింగ్ ఎందుకు?

లావాదేవీలు నడిపే సర్వర్లు న్యూజెర్సీలో మావా అనే చోట డేటా సెంటర్‌లో ఉన్నాయి. ఆ డేటా సెంటర్ ముందు ఎవరూ ఫోటో దిగరు. కొత్తగా లిస్ట్ అయ్యే కంపెనీ మాత్రం ఇప్పటికీ ఈ స్తంభాల మీదుగా తన పేరున్న పెద్ద బ్యానర్ కట్టించుకుంటుంది, లోపల గంట కొడుతుంది. బ్యానర్లతో స్తంభాలు కప్పేయడం నాకు నచ్చదు, పాపం దూరం నుంచి వచ్చినవాళ్లకి గుడ్డ తప్ప ఏమీ కనిపించదు.

దీన్ని కూల్చేసే ప్రమాదం ఉందా?

ఇప్పట్లో లేదు. 1978లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్‌గా, 1985లో న్యూయార్క్ నగర ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించారు. వీటిలో మొదటిది గౌరవం, సొంతదారు సొంత డబ్బుతో మార్పులు చేసుకుంటే ఆపే శక్తి దానికి లేదు. అసలు కాపలా రెండోది. బయటి రూపంలో మార్పు చేయాలంటే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి.

వెళితే ఎప్పుడు, ఎక్కడ నిలబడి చూడాలి?

ముఖం తూర్పు వైపు కాబట్టి పొద్దున వెళ్లండి, మధ్యాహ్నం దాటితే బొమ్మలు నీడలోకి వెళ్లిపోతాయి. ఫెడరల్ హాల్ మెట్లెక్కి నిలబడితే త్రికోణం, స్తంభాలు ఏటవాలుగా కనిపిస్తాయి, లోతు తెలిసేది అక్కడి నుంచే. వీలైతే జూమ్ ఉన్న కెమెరా తీసుకెళ్లండి, బొమ్మల భంగిమలు వట్టి కంటికి సరిగా అందవు. ఆ తర్వాత వెనక న్యూ స్ట్రీట్‌లోకి కూడా వెళ్లండి. సన్నటి వీధి, టూరిస్టులు రారు, వెనక్కి జరిగి చూసేంత చోటు కూడా ఉండదు, కానీ పోస్ట్ అక్కడ కూడా అదే పాలరాయి, అదే పెద్ద గాజు గోడ పెట్టాడు.